ఆరిందాకా

"దేనికమ్మాయ్?" అన్నాడు సూరన్న,
బంక అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే.
ఏం చెప్పాలో తోచలేదు.
"దారానికి" అన్నాను.
నవ్వలేదు. అదే నాకు నచ్చింది.

గల్లాపెట్టె పక్కన మూడు డబ్బాలు పెట్టాడు.
"ఇది బళ్ళో పిల్లలది, కాగితానికి. పల్చన.
ఇది వడ్రంగులది. బల్లకీ బీరువాకీ.
ఇది తడికి ఓర్చుకునేది, రేటెక్కువ.
గాజుకీ స్టీలుకీ ప్లాస్టిక్కుకీ అడిగితే మాత్రం
మూడింట్లో ఏదీ ఇవ్వను.
బంక పట్టాలంటే
ఎదటిది కాస్త పీల్చుకునేదై ఉండాలి."

నడిమి డబ్బా తెచ్చుకున్నాను,
మూత తీసి, పులిసిన వాసన లేదని చూసుకుని.

డజను పువ్వులకి ఏజెంటు ఇచ్చేది
కొక్కెం సూది గుచ్చుకున్న వేలికి మందు కొనడానికే చాలదు.
నరసాపురంలో లేసు కుట్టని వీధి లేదు,
లేసు కుట్టి మేడ కట్టిన మనిషి మా వీధిలో లేదు.
అందుకే ఈ తెగింపు:
లేసుతో దీపానికి గొడుగు.

చూపు తగ్గాక సువార్తమ్మత్త
కుట్లు వేళ్ళతోనే ఎంచుతోంది.
"బుడగ నేనూదుతా" అంది.
బుగ్గలు పూరించి, ఆగి, దగ్గి, మళ్ళీ ఊది,
నాకు నేర్పిన ముడే దాని మూతికీ వేసింది
చూడకుండా.

మొదటిసారి నీళ్ళెక్కువయ్యాయి.
గంజి పెట్టడమే కదా అనుకున్నాను.
పైగా శ్రావణం. అంతర్వేది వైపునుంచి ఉప్పుగాలి
వశిష్ఠ దాటొచ్చి మా దండేల మీదే ఆరేసుకుంటోంది.
రెండో రోజుకే ఆత్రం ఆగక పొడిచాను.
లేసు
వానలో కోడిపెట్టలా కూలబడింది.
అత్త దాన్ని ఒళ్ళో వేసుకు తడిమి
"పాలమీగడలా ఉంది, పారెయ్యకు" అంది.

మళ్ళీ కలిపాను. రెండు వంతులు బంక, ఒక వంతు నీళ్ళు,
ప్లాస్టిక్ డబ్బాలో (రేపటికి పొలుసులా ఊడొస్తుంది).
ముంచి, పిండి,
కన్నాల్లో నిలిచిన పొరల్ని ఉఫ్‌మని ఊది,
నూనె రాసిన కొత్త బుడగ మీద సర్ది
ఫ్యాను కింద కట్టాను.
కరెంటు పోయింది. వచ్చింది. పోయింది.

మిగిలిన బంక ఊరుకోనిచ్చిందా!
పీట కాలికి: పాత పెచ్చులు గీకి,
రెండు వైపులా పల్చగా రాసి,
కొబ్బరితాడు చుట్టి గరిటె కాడ దూర్చి మెలేసి,
పొంగిన చుక్కని తడిగుడ్డతో తుడిచి.
అత్త పాటల పుస్తకం వెన్నుకి: చీపురుపుల్లతో సన్నటి గీత,
పైన బియ్యం డబ్బా.
ఆమె కళ్ళజోడు కాడకి కూడా రాశాను,
పట్టదని తెలిసీ.
పట్టలేదు.
దానికి దారమే చుట్టాను.

సూరన్న చెప్పనిది ఒకటుంది.
బంక తెల్లగా కనబడుతున్నంతసేపూ ముట్టుకోకూడదు.
ఎక్కడ రాశామో మనకే తెలీకుండా పోయినప్పుడు
అప్పుడు పట్టినట్టు.

నాలుగోనాడు పొద్దున్నే గోటితో కొట్టాను. టక్కుమంది.
"నువ్వే పొడువత్తా" అని సూది చేతికిచ్చాను.
పేలలేదు బుడగ.
చిటచిటమంటూ ఒక్కో పువ్వునీ వదిలి
లోపలికి ముడుచుకుంది.
గొడుగు కదల్లేదు.
అత్త ఊపిరి ఎంతో అంత కొలతకి
నిలబడింది,
ఓ పక్క చిన్న సొట్టతో. అది కరెంటు పోయిన రాత్రిది.

తలుపు మూసి, లోపల బల్బు పెట్టాం.
సున్నం గోడ నిండా
పళ్ళేలంత పువ్వులు.
అత్త లేచి, తడుముకోకుండా గోడ దగ్గరికి వెళ్ళి,
దారం చుట్టిన కళ్ళజోడు పైకి తోసుకుని,
నీడలో కుట్లు ఎంచడం మొదలెట్టింది.
వేలు ముందుకి, ముందుకి,
ఒకచోట ఆగింది.

"ఇదిగో, ఇక్కడ ఒకటి వదిలేశావే."